చేపల డబ్బాకు పిల్లి సాక్ష్యం

నా చిన్నప్పుడు ఏలూరు పవర్‌పేటలో మా పక్కింటికి ఫ్రిజ్ వచ్చిన రోజున వీధి వీధంతా చూడటానికి వెళ్లింది. దాన్ని వాయిదాల మీద కొన్నది పక్కింటి అక్క, తన సొంత జీతంతో. పెళ్లయి ఏడాది తిరగని కోడలు ఆవిడ. రోజూ పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్లి, అక్కడి బడిలో లెక్కలు చెప్పి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేది. అప్పటికి మా వీధిలో ఉద్యోగానికి వెళ్లే ఆడమనిషి మరొకరు లేరు. చేతిసంచి తగిలించుకుని ఆవిడ స్టేషన్ వైపు గబగబా నడుస్తుంటే, పదేళ్ల దాన్ని, గేటు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఆ ఏడు వానల్లో అక్క అత్తగారు కుళాయి దగ్గర జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి పక్కన మండవల్లి. చేపల పులుసు పెట్టడంలో తనను మించినవాళ్లు లేరని ఆవిడ నమ్మకం, అది నిజం కూడాను. చెయ్యి బాగున్నన్నాళ్లూ వంటింట్లోకి ఇంకొకరిని రానివ్వలేదు. ఇక వండేవాళ్లు లేరు కనుక నెలాఖరుకల్లా కోడలు ఉద్యోగం మానెయ్యాలని తేల్చేశారు. అక్క భర్త మంచివాడే కానీ, తల్లి మాటకు ఒకసారి, పెళ్లాం మాటకు ఒకసారి తలూపే రకం.

అక్క వాదించలేదు. ఆదివారం వారానికి సరిపడా కూరలు, పులుసులు వండి ఫ్రీజర్లో పెడతాననీ, రోజుకొకటి వెచ్చచేసుకుంటే చాలనీ, ఈ నెల ఇబ్బంది లేకుండా గడిస్తే ఉద్యోగం చేసుకోనివ్వమనీ అడిగింది. అత్తగారు ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. పాలకు చేపల నీచు పట్టిందా, ఆ రోజుతో ఉద్యోగం సరి.

బజార్లో పెద్ద దుకాణంలో అద్దాల వెనక డబ్బాల సెట్లు మెరిసిపోతుండేవి. వాటి ధర విని అక్క నవ్వుకుంటూ ఇంటికొచ్చేసింది. ఇంట్లో కాఫీ పొడి, పాలపొడి అయిపోగా మిగిలిన గాజు సీసాలుంటే, కడిగి ఆరబెట్టి, చల్లారిన కొర్రమీను పులుసు వాటిలో పోసింది. మూతలు పెట్టి ఫ్రీజర్లో సర్దే పని, సాయానికి వెళ్లిన నాకు అప్పజెప్పి స్నానానికి వెళ్లింది. ఇక్కడే నా ఘనకార్యం జరిగింది.

ఎవరింటికి గిన్నె పంపినా అంచుదాకా నింపి పంపాలని, వెలితిగా పంపితే ఆ ఇంటివాళ్ల చెయ్యి చిన్నదంటారని మా నాయనమ్మ నాకు బొడ్డూడని నాటి నుంచీ నూరిపోసింది. చూద్దునుగదా, అక్క సీసాలన్నీ వెలితిగానే ఉన్నాయి. పాపం, కంగారులో మర్చిపోయిందనుకున్నాను. గిన్నెలో మిగిలిన పులుసంతా గరిటెతో పోసి, ప్రతి సీసానూ మెడదాకా నింపి, మూతలు బిగించి, ఫ్రీజర్లో వరసగా పేర్చి వచ్చాను. ఆ రాత్రి నా అంత మంచి పిల్ల లేదనుకుని నిద్రపోయాను.

పొద్దున చూస్తే నాలుగు సీసాలు నిలువునా పగిలి ఉన్నాయి. పులుసంతా గాజు పెంకులు. తలుపు తీసి సర్దేసరికి కరిగిన పులుసు కిందికి కారి ఫ్రిజ్ అంతా నీచు కొట్టింది. పాలగిన్నె కూడా వాసనే. అత్తగారు వాసన చూసి గిన్నె పక్కన పెట్టి, “ఇంక చాల్లేమ్మా, ఇవాళే బళ్లో చెప్పేసి రా” అన్నారు.

అక్క నా వైపు చూడను కూడా లేదు. “నాదే పొరపాటండి అత్తయ్యగారూ. గాజు సీసాలు పెట్టకుండా ఉండాల్సిందండి” అంది. సీసాలు ఎవరు నింపారో తనకు తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. గుమ్మం పట్టుకుని నిలబడలేక, నేనే నింపానండీ అని ఏడ్చేశాను. ఎందుకు నింపావే అని ఆవిడ గద్దించారు. నాయనమ్మ చెప్పిన మాట చెప్పాను. అత్తగారూ ఆ మర్యాదలోనే పెరిగిన మనిషి కదా! చివరికి ఇంకొక్క ఆదివారం చూద్దామన్నారు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్లు నాచేతే పోయించి, ఫ్రీజర్లో పెట్టించింది. మర్నాడు తీస్తే మంచు అంచు దాటి పైకి ఉబికి ఉంది. “గడ్డకట్టేటప్పుడు దానికి చోటు కావాలమ్మా. రెండు వేళ్లు ఖాళీ వదలాలి. వదిలితే పిసినారితనం కాదు” అంది. లెక్కల టీచరు కదా, చూపించకుండా ఏదీ చెప్పేది కాదు.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని ప్లాస్టిక్ సామాన్ల బండి దగ్గరికి వెళ్లింది. రంగులు చూసి నేను మురిసిపోతుంటే తను మాత్రం ఒక్కో డబ్బా మూత తీసి లోపల వాసన చూసింది. నీళ్లు పోయించి, మూత బిగించి, తలకిందులు చేసి ఊపింది. బండివాడు విసుక్కున్నా “ఉండండి బాబూ, ఇంకొక్కటి” అంటూ అరగంట నిలబెట్టింది. కారనివి, చదరంగా పొట్టిగా ఉన్నవి, ఒకదాని మూత ఇంకొకదానికి సరిపోయేవి ఆరు ఏరింది. పొట్టి డబ్బా త్వరగా గడ్డకడుతుందట, త్వరగా కరుగుతుందట, ఒకదానిమీద ఒకటి కదలకుండా కూర్చుంటుందట.

ఆదివారం నాడు అత్తగారి ముద్దుల పిల్లిని న్యాయాధికారిని చేసింది అక్క. ఒక ఎండుచేప కొత్త డబ్బాలో, ఇంకొకటి వదులు మూత ఉన్న పాత డబ్బాలో పెట్టి, రెండింటినీ పైన సబ్బుతో కడిగి వరండాలో ఉంచింది. పిల్లి వస్తూనే పాత డబ్బా మీద పడి గోళ్లతో గీకింది. ఆ డబ్బా తీసేస్తే కొత్త డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, దానికి ఆనుకుని పడుకుని కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు గానీ, మా వీధిలో చేపకు పిల్లి సాక్ష్యం చెప్పింది. అత్తగారు కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని పడీ పడీ నవ్వారు.

మిగిలిన నెలంతా పాలు పాలలాగే ఉన్నాయి. నెలాఖరు రోజున ఉద్యోగం మాట ఆవిడ ఎత్తుతారేమోనని గేటు దగ్గర కాచుకుని ఉన్నాను. ఆవిడ అక్క టిఫిన్ డబ్బా ఎడంచేత్తో పట్టుకుని గేటుదాకా వచ్చి, “బండి తప్పిపోద్ది, నడువమ్మా” అన్నారు. ఆ మాట విని నేను గెలిచినంత సంబరపడ్డాను.

అక్క హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. తన వెనకే ఆ ప్యాసింజరులోనే నేనూ ముప్పై ఏళ్లు తిరిగి ఉద్యోగం చేశాను. ఇప్పుడు మా ఫ్రీజర్లో మా కోడలు వండిపెట్టిన డబ్బాలుంటాయి. ప్రతిదానిలో రెండు వేళ్ల ఖాళీ. అది నేను నేర్పిందే, ఇంటికొచ్చిన వాళ్లందరికీ మూత తీసి మరీ చూపిస్తాను. కోడలు ఆఫీసుకు బయల్దేరేటప్పుడు లంచ్ డబ్బా నేనే పట్టుకుని గేటుదాకా వెళ్లి, బండి తప్పిపోద్ది, నడువమ్మా అంటాను.