వాగుల పోసిన రాళ్లు

ఇన్నేండ్లు గీ ముచ్చట నా ఇంటిదానికి సుత చెప్పలే. ఫోన్ల అవతలున్న నీకు చెప్తున్న, ఎందుకంటే నువ్వు నా మొఖం చూడవు.

మాది ఎడపల్లి దిక్కు. చెరుకు లారీ నడిపేటోణ్ణి. బోధన్ల ఫ్యాక్టరీ బందైనంక దూరం పోయి ఒక యురేనియం గనిల టిప్పర్ ఎక్కిన. పనికిరాని రాళ్లను కట్ట లోపలి కుప్ప మీదనే పొయ్యాలె, బయట ఒక్క పెళ్ల పడొద్దని మొదటిరోజే చెప్పిండ్రు. నేను ఇన్ననా? ఇనలే. మా దిక్కు చెరుకురసం వడగట్టంగ మిగిలిన మడ్డిని కొట్లాడి తెచ్చుకొని పొలంల చల్లుకుంటం. ఫ్యాక్టరీ పారేసేదంత మంచిదే అనుకునే బుర్ర నాది. గని పక్కూర్ల మేకలు కాసుకునే లక్ష్మక్క, వాగు దాటుడు కష్టమైతుందని మొత్తుకుంటే, రెండు ట్రిప్పుల రాళ్లు తెచ్చి వాగుల బాట పోసిన. ఆమె దండం పెట్టింది. నేను మస్తు పొంగిపోయిన.

వానలు మొదలైనంక ఇంజినీరు సారు డ్రైవర్లందరినీ కూసోబెట్టిండు. ఆ రాళ్లు తడిస్తే లోపలి యురేనియం నీళ్లల్ల కరుగుతదట, వాగు పొంటి పోతదట, రంగు మారదట, వాసన రాదట, తాగంగ తాగంగ కిడ్నీలు ఖరాబైతయట. లక్ష్మక్కకు పోసిన బాట యాదికొచ్చింది. ఆ ఊరు తాగేది వాగునీళ్లే గదా! అప్పుడే లేచి చెప్పాలె. లేవలే. నౌకరి పోతదని భయమా, జైలుల ఏస్తరనా, మంచోడన్న పేరు పోతదనా? ఇప్పటికీ నాకే తెల్వదు. అంత పెద్ద వాగుకు రెండు ట్రిప్పులతోని ఏమైతదని నన్ను నేనే సముదాయించుకున్న.

తెల్లారి వాన లేకుండె. చెప్దామనే వాగు ఒడ్డుకు పోయిన. లక్ష్మక్క ఆ రాళ్ల కింద పారే నీళ్లల్లనే చెంబు ముంచుకొచ్చింది.

"ఎండన పడి వచ్చినావు, తాగు నాయనా."

"వద్దక్కా, దూప లేదు."

"నువ్వు బాట పోసినాక నీళ్లు ఎంత తేటగా పారుతాండాయో చూడు" అని నవ్వి, ఆ చెంబెడు నీళ్లు నా ముందలనే గటగట తాగింది.

చూసుకుంట నిలబడ్డ. చెయ్యి పట్టి ఆపలే. ఏం మనిషిని నేను? కొన్నిదినాలకే పని ఇడిసి ఇంటికొచ్చిన.

ఆ రాళ్లు ఎవరన్న తీసిండ్రో లేదో తెల్వదు. ఆమె ఎట్లున్నదో అడిగే మొఖం లేదు. మాఫీ చెయ్యమని నిన్ను అడుగుతలేను. దూప లేదన్న గదా, అది అబద్ధం. గొంతు ఎండుకపోయింది. ఆ నీళ్లు నేను తాగొద్దని నాకు తెలుసు. ఆమెను తాగొద్దని అనలే. గంతే. ఇయ్యాల నోరిడిసి చెప్పిన.