మునిరత్నం మూడుసార్లు కోసిన గడ్డ

పూతలపట్టు కూడలిలో మునిరత్నం పాతికేళ్ళుగా ఫస్ట్ ఎయిడ్ సెంటర్ నడుపుతున్నాడు. పని నేర్చుకున్నది చిత్తూరులో కాంపౌండరుగా. ఊరు మాత్రం అతన్ని డాక్టరనే పిలిచేది.

పక్కవీధి రుక్మిణమ్మ మనవరాలు మహితకి తొమ్మిదేళ్ళు. కుడి దవడ కింద గడ్డ లేచేది. మునిరత్నం కోసి, చీము తీసి, కట్టు కట్టేవాడు. మానేది, మళ్ళీ లేచేది. అలా మూడుసార్లు కోశాడు. నాలుగోసారి రుక్మిణమ్మ, "తిరుపతికి పోతామప్పా, ఆడ పల్లవి అని చెవి డాక్టరమ్మ ఉండాదంట" అంది. గడ్డకి చెవి డాక్టరెందుకని మునిరత్నం నవ్వి, తోడుగా తనూ బస్సెక్కాడు. ఆ డాక్టరమ్మ కూడా తెల్లమొహం వేస్తే కళ్ళారా చూడాలని.

పల్లవికి ముప్పై దాటి ఉంటాయేమో. గడ్డను మెల్లగా నొక్కుతూ చెవిలోకి లైటు వేసి చూసింది. లోపల చీము బొట్టు తేలింది.

"చెవి కారతాదా?"

"పసిబిడ్డప్పట్నుంచీ కారతానే ఉండాదమ్మా" అంది రుక్మిణమ్మ.

మునిరత్నం పాత కోతల మచ్చల నుంచి చెవి దాకా చూశాడు. చెవికి చుక్కల మందిచ్చిందీ తనే, గడ్డ కోసిందీ తనే. రెండూ ఒకటేనని ఏనాడూ తోచలేదు.

"కడుపులో చెవి తయారయ్యేటప్పుడు మూసుకోవాల్సిన దారి మూసుకోలేదు. చెవి నుంచి మెడ దాకా గొట్టంలా ఉండిపోయింది. చానా అరుదు. మొత్తం తీసేయాల. మొహాన్ని ఆడించే నరం దాని పక్కనే పోతాది. పాత కోతల వల్ల ఇంకా కష్టం. ఎవరు కోసినారు?"

రుక్మిణమ్మ తల దించుకుంది.

"నేనే" అన్నాడు మునిరత్నం.

పల్లవి తిట్టలేదు. ఎక్కడ, ఎంత లోతుగా కోశాడో అడిగి రాసుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

వాపు తగ్గాక, స్కాన్ తీసి ఆపరేషన్ చేశారు. బయట బెంచీ మీద కూర్చున్న మునిరత్నానికి ఒక ఆలోచన వచ్చింది. పిల్ల మూతి కొంచెం వంకర పోతే? అప్పుడు ఈ డాక్టరమ్మ గొప్ప కూడా తెలిసిపోతుంది కదా! ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఆలోచన మాత్రం పోలేదు.

మర్నాడు పల్లవి, "కండ్లు గట్టిగా మూయి. బుగ్గలు పూరించు" అంది. మునిరత్నం అందరికంటే ముందుకు వంగి కుడివైపే చూశాడు. రెండు కళ్ళూ సమంగా మూసుకున్నాయి. రెండు బుగ్గలూ సమంగా ఉబ్బాయి. రుక్మిణమ్మ డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. పాతికేళ్ళలో మునిరత్నం చేతులను ఎవరూ అలా పట్టుకోలేదు.

రెండేళ్ళయింది, గడ్డ మళ్ళీ లేవలేదు. పల్లవి పేరెత్తితే మునిరత్నం ఇప్పటికీ మాట మార్చేస్తాడు. కానీ దవడ కింద వాపుతో ఎవరొచ్చినా కత్తి ముట్టుకోడు. చీటీ మీద ఆమె పేరే రాసిస్తాడు, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి.