దుఖాన్‌కు మోసుకెళ్ళిన ఇంగ్లీషు వీధి

1991 జనవరి చివరి రోజులు. కువైట్ యుద్ధం మొదలై పట్టుమని పది రోజులు కాలేదు. దోహాలో మా నజ్మా సందుల్లో మనుషులకంటే పుకార్లే ఎక్కువ తిరుగుతున్నాయి. అద్దాలు పగిలి మీద పడకుండా గది కిటికీలకు టేపు అంటించుకుని బతుకుతున్నాం. బుద్ధున్నవాడెవడూ అప్పుడు ప్రయాణం పెట్టుకోడు. నేనూ పెట్టుకోలేదు, నేను పనిచేసే ఫోటో స్టూడియో ఓనరు పెట్టాడు.

ఉదయం ఎనిమిదింటికి, ఎనభై కిలోమీటర్ల అవతలి దుఖాన్ నుంచి ఫోనొచ్చింది. హారిస్ గారని, అక్కడి ఆయిల్ కంపెనీలో పనిచేసే ఇంగ్లీషు పెద్దాయన. ఇంగ్లండులో తను పుట్టిన హల్ అనే రేవు పట్నం పాత ఫోటోలు, కాపీలు తీయమని మాకిచ్చి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం రెండింటికి కంపెనీ బస్సు వాళ్ళందరినీ ఎక్కించుకుని నేరుగా విమానాశ్రయానికి వెళ్తుందట. దారిలో ఎక్కడా ఆపరట, విమానాశ్రయంలోకి మాలాంటి వాళ్ళను రానివ్వరట. “సామాను పోయినా ఫర్వాలేదు, ఆ ఫోటోలు మాత్రం రెండింటిలోగా నా చేతికి రావాలి” అన్నాడట. వాటికి నెగెటివ్‌లు ఎప్పుడో పోయాయి. పోతే ఇక లేనట్టే.

మా స్టూడియోలో టచింగ్ చేసే సుభానీ కవరు కట్టి ఇచ్చాడు. కడప మనిషి, చెయ్యి మంచిది. చెదలు తిన్న తాతగారి ముఖాన్ని నిలబెడతాడు, కళ్ళు మూసినవాడికి కళ్ళు తెరుస్తాడు. ఊళ్ళో ఉన్న భార్యను తెచ్చి ఇక్కడి మొగుడి పక్కన కూర్చోబెడతాడు.

“అన్నీ సరిచేసినాన్నా, జాగర్తగా ఎత్తకపో” అన్నాడు.

దుఖాన్ వెళ్ళదలచినవారికి ఒక మాట. బస్సు కోసం చూడకండి, లేదు. పొద్దున్నే వెళ్తే షేర్ టాక్సీ దొరుకుతుంది, తలకు పది రియాళ్ళు. కానీ సీట్లన్నీ నిండేదాకా పఠాన్ డ్రైవరు కదలడు. గుర్తింపు కార్డు పైజేబులో ఉంచుకోండి. నేను తొమ్మిదింటికి ఎక్కి కూర్చుంటే పదిన్నరకు కదిలింది. ఆ గంటన్నరలో గడియారం ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

నా పక్కన జగిత్యాల వైపు రాజన్న. బిల్డింగు పనిలో ఉన్నాడు. దుఖాన్ క్యాంపులో ఉన్న తమ్ముణ్ణి చూసి మళ్ళీ రావాలని బయలుదేరాడు.

“ఇంటికి ఫోన్ జేస్తే ఒకటే ఏడుపు. దుబాయ్‌ల బాంబులు పడుతున్నయట గద, వచ్చెయ్ అంటరు. ఇది దుబాయ్ గాదు, ఖతర్ అంటె ఇంటలేరు” అన్నాడు. “నువ్వేం పట్టుకపోతున్నవన్నా, అంత గట్టిగ పట్టుకున్నవ్?”

“ఫోటోలండి. ఒక పెద్దాయనవి.”

షహానియా దగ్గర చాయ్, పరోటాకు ఆపాడు. పరోటా బాగానే ఉంది గాని నాకు దిగలేదు. అక్కణ్ణుంచి రోడ్డుకు రెండు పక్కలా రాళ్ళ నేల. ఎదురుగా సైనిక లారీలు వరసగా వస్తుంటే మా డ్రైవరు ప్రతిసారీ ఇసుకలోకి దిగి ఆగాల్సి వచ్చింది.

పన్నెండుకు దుఖాన్ ముందు చెక్‌పోస్ట్. సిపాయి అందరి కార్డులూ చూసి, నా ఒళ్ళో కవరు విప్పమన్నాడు. పైన ఉన్నవి మంచి రోజులవి. చేపల బుట్టలతో నవ్వుతున్న ఆడవాళ్ళు, మంచులో రెండంతస్తుల బస్సు, గోడకు సైకిళ్ళు ఆనించిన కుర్రాళ్ళు. తర్వాత బాంబులు పడ్డాక తీసినవి మొదలయ్యాయి. అద్దాల్లేని కొట్లో గడ్డం గీస్తున్న మంగలి, ఇటుకల గుట్టల మీంచి సీసాలు పట్టుకుని నడుస్తున్న పాలవాడు. సిపాయి ముఖం మారిపోయింది.

“ఎక్కడిది? కువైటా?” అన్నాడు హిందీలో.

ఇంగ్లండు, యాభై ఏళ్ళ కిందటి యుద్ధానిది అన్నాను. అతను ఇంకో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టాడు. మొదటిదాంట్లో ముందు గోడ కూలిపోయిన ఇల్లు. మేడ మీద మంచం, గోడకు అంటుకున్న పూల కాగితం బయటికే కనిపిస్తున్నాయి. ఇంటి ముందు కెటిల్ పట్టుకున్న ఒక ఆడపిల్ల. రెండోదాంట్లోనూ అదే పిల్ల, అదే కెటిల్. ఇల్లు మాత్రం గట్టిగా, నిండుగా నిలబడి ఉంది. గోడ ఉంది, మూసిన తలుపు ఉంది, కిటికీలకు మన ఊళ్ళలోలా నిలువు ఊచలు కూడా ఉన్నాయి. చూడగానే నాకు అర్థమైంది. సుభానీ అలవాటు కొద్దీ కాపీలో ఇల్లు కట్టేశాడు.

“పిల్ల ఒకటే. ఇల్లు బాగుంది, మళ్ళీ కూలింది. కూలినట్టు మీరే తయారుచేస్తున్నారా? జనాన్ని భయపెట్టడానికా?” అన్నాడు సిపాయి.

అవి పట్టుకుని లోపలి గదివైపు నడవబోయాడు. అవి ఆ గదిలోకి వెళ్తే ఇక తిరిగి రావు, నేనూ బహుశా రాను. వెనకాల పరుగెత్తి, ఒక్కసారి ఎండకు వాల్చి చూడమని బతిమాలాను. నున్నటి ఫోటో కాగితం మీద కుంచె తగిలిన చోట మెరుపు చచ్చిపోతుంది. కూలిన ఇల్లు అంతా ఒకేలా మెరిసింది. బాగున్న ఇంటి మీద గోడ మేరకు, తలుపు మేరకు మసకగా ఉంది.

అతను వేలితో తలుపు మీద రుద్ది, వేలు చూసుకున్నాడు.

“బాగుచేశారన్నమాట. ఎందుకు?”

“మా దగ్గరికి చిరిగినవీ పాడైనవీ తెస్తారు సార్. మావాడు ఏది కనపడితే అది బాగుచేస్తాడు.”

ఫోటోలు నా చేతిలో పెట్టి “యల్లా, పో” అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. టాక్సీ దగ్గరికొచ్చేసరికి డ్రైవరు తిట్లు మొదలుపెట్టాడు, రాజన్న మాత్రం నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఒంటిగంట దాటాక హారిస్ గారి క్వార్టర్స్‌కు చేరాను. ఒక్క పెట్టె కట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కవరు అందుకుని ఒక్కొక్కటే లెక్కచూసుకుంటూ చెప్పాడు. కెటిల్ పట్టుకున్న పిల్ల ఆయన అక్క. ఆవిడకిప్పుడు పాతవీ కొత్తవీ కలిసిపోతున్నాయి, మనుషుల్ని మరిచిపోతోంది. ఈ ఫోటోలు చూపిస్తే మాత్రం పేరుపేరునా చెబుతుందట.

సుభానీ కట్టిన ఇల్లు చేతికొచ్చింది. క్షమించమని అడగబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

“మా కిటికీలకు ఊచల్లేవు” అన్నాడు వేలితో చూపిస్తూ. “బాంబులు పడ్డ రాత్రి అక్కా నేనూ, ఈ ఫోటోలు తీసిన మేనమామ ఇంట్లో ఉన్నాం. అమ్మా చిన్న తమ్ముడూ ఈ ఇంటి లోపల ఉన్నారు. ఇల్లు బాగున్నప్పుడు మామయ్య ఎన్నడూ ఫోటో తీయలేదు. బాగున్న ఇంటిని ఎవరు తీస్తారు? నాకు తెలిసి మా ఇల్లు నిలబడి ఉన్న ఫోటో ఇదొక్కటే” అన్నాడు.

బస్సు హారన్ వినిపించింది. ఫోటోలన్నీ పెట్టెలో సర్ది, ఆ ఒక్కటీ నా చేతికి తిరిగిచ్చాడు.

“తీసుకెళ్ళండి సార్, మీదేగా” అన్నాను.

“వద్దు. ఇది చూస్తే అక్క లోపలికి వెళ్దామంటుంది.”

ఆ పెద్దమనిషి పెట్టె పట్టుకుని బస్సెక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. బస్సు గేటు దాటేదాకా అక్కడే ఉన్నాను.

మూడింటికి తిరుగు టాక్సీ. తమ్ముణ్ణి చూసి వచ్చిన రాజన్నే మళ్ళీ నా పక్కన. తమ్ముడు ఇంటికి పోదామంటే రానంటున్నాడట, డ్యూటీ వదిలితే జీతం ఫులూస్ ఎవడిస్తాడంటున్నాడట. ఈసారి చెక్‌పోస్ట్‌లో మమ్మల్ని ఆపలేదు. యుద్ధం ఎలా ఉంటుందని ఆ తర్వాత నన్ను చాలామంది అడిగారు. నేను చూసింది పాలవాణ్ణీ మంగలినీ ఆ పిల్లనీ మాత్రమే కాబట్టి, వాళ్ళ గురించే చెప్పేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం ఫోటో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

రాజన్న వంగి చూశాడు.

“ఎవలిల్లన్నా ఇది?”

“ఆ పెద్దాయనదేనండి.”

“మంచిగున్నది. తలుపు పెట్టున్నది గద, లోపట ఎవలన్న ఉన్నరా?”

“ఉన్నారు” అన్నాను. “వాళ్ళమ్మా, చిన్న తమ్ముడూ.”