పన్నెండు ప్లేట్ల మీదా ఒకటే పేరు

పోయిన మంగళవారం పొద్దున మా పక్కింటి పెద్దావిడ చనిపోయింది. పరాయిదేశంలో మేముంటున్న టాలట్‌లో మా వీధికి చెత్తబండి వచ్చే రోజది. ఎప్పటిలాగే ఆవిడ బిన్ను బయటపెట్టడానికి వెళ్ళాను. వంటింటి కర్టెను ఇంకా తీయలేదు. నా దగ్గరున్న తాళంతో తలుపు తీసి చూస్తే, కుర్చీలో కూర్చునే పోయింది. సింకు పక్కన ఆవిడ స్టీలు ప్లేటు కడిగి బోర్లించి ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆవిడ గురించి మంచే రాస్తాను. బతికున్న మా బావగారి విషయంలో మాత్రం హామీ ఇవ్వలేను.

బావగారంటే మా అక్క భర్త. డాక్టరు, ఊరికి అటు చివర బోమాంట్ వైపు ఉంటారు. నేను మా ఊరి బళ్ళో పదోక్లాసుతో ఆపేసి, నర్సుగా వచ్చిన మా ఆవిడ వెనక సామానుతో పాటు దిగినవాణ్ణి. క్యాంటీన్లో వంట చేస్తాను. మాకు పిల్లల్లేరు. ఇండియా వెళ్ళి కాస్త ఎదిగిన పిల్లని దత్తత తెచ్చుకుందామనుకున్నాం. చంటిపిల్లల కోసం క్యూ కడతారు గానీ ఎదిగినవాళ్ళని ఎవరూ అడగరు. దానికి ముందు ఇక్కడ సోషల్ వర్కరు ఇంటికొచ్చి మనల్ని తూచి చూస్తుంది. మనల్ని ఎరిగినవాళ్ళు ఇద్దరు మన గురించి మాట చెప్పాలి. చుట్టాల్లో పెద్దాయన కదా అని బావగారి పేరిచ్చాం.

ఆయన చెప్పారు. "మా బావమరిది మంచివాడే గానీ దేన్నీ సీరియస్‌గా తీసుకోడు. ఎదిగిన పిల్లంటే ముదిరిన మొక్కని పీకి పాతడమే. ఎవరి రక్తమో ఏమో. వద్దని చెప్పండి." మీ మంచికే అలా చెప్పానని తర్వాత మాకూ చెప్పారు. మా ఫైలు ఏడాది ఆగింది.

ఈ సంగతి చెబితే పెద్దావిడ ఓదార్చలేదు. "మీ బావ కారు ఏ రంగు?" అని అడిగింది. అప్పట్నుంచీ ఆయన వస్తున్నారని తెలిస్తే చాలు, మా ఇంటి ముందు ఆ కారు పట్టే చోట సరిగ్గా రెండు బిన్నులు నిలబెట్టేది. ఆయన వీధి చివర్నుంచి వానలో నడిచొస్తుంటే కిటికీలోంచి చెయ్యి ఊపేది.

"ఇంక క్షమించెయ్యాలేమోనండీ" అన్నాను ఒకసారి.

"క్షమించడానికి చర్చిలో ఫాదర్ ఉన్నాడు, అది ఆయన పని. కోపం టీ లాంటిది. చల్లారనిచ్చావా, ఎవరికీ పనికిరాదు" అంది, టీపాట్ మీద ఉన్ని తొడుగు సర్దుతూ.

సోషల్ వర్కరుకి రెండో మాట ఆవిడే రాసిచ్చింది. "ఇతను జోకులేస్తాడు. అవేమంత బాగుండవు. కానీ ఆరేళ్ళుగా నేనడక్కుండానే నా బిన్ను బయటపెడుతున్నాడు. ఈ ఇంట్లో పిల్ల గ్రాండ్‌గా ఉంటుంది." గ్రాండ్ అంటే ఇక్కడ హాయిగా అని. ఫైలు ఆ ఉత్తరంతో కదిలిందో, మమ్మల్ని చూసీచూసీ వాళ్ళకే విసుగొచ్చి కదిలిందో నాకు తెలీదు. తొమ్మిదేళ్ళ సత్యవతి ఫొటో వచ్చింది.

బయల్దేరే ముందు మా ఆవిడ పెద్దావిడకి ఫోన్లో ఇంకో ఫొటో చూపించింది. ఇండియాలో మా ఊళ్ళో స్టీలు సామాన్ల షాపులో కొత్త ప్లేటొకటి కొనిపించి, మధ్యలో సత్యవతి అని పేరు కొట్టించింది. మనవైపు గిన్నె కొంటే పేరు కొట్టించాల్సిందే కదా.

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "మీ ఇద్దరి ప్లేట్లూ ఇలాగే ఉంటాయా?"

"లేదండీ, మావి మామూలువే."

అప్పుడు చెప్పింది. ఆవిడకి ఎనిమిదేళ్ళప్పుడు స్లైగో దగ్గర ఒక రైతు ఇంటికి పెంపకానికి పంపారట. ఇంట్లో అందరికీ పూల పింగాణీ ప్లేట్లు, ఆవిడకి మాత్రం ఒక రేకు ప్లేటు. "ఇది ప్రత్యేకంగా నీకే" అన్నారట. పదహారో ఏట ఆ ఇల్లు వదిలేస్తూ ఆ ప్లేటు ఎత్తుకొచ్చేసింది. ఇన్నాళ్ళూ పెరట్లో అందులో బీరు పోసి నత్తల్ని చంపుతోంది. ఈ దేశంలో నత్తలకి కూడా బీరేనా అని నేను ఎన్నోసార్లు జోకేసింది ఆ ప్లేటు మీదే.

"పేరు కొట్టిస్తే అన్నిటిమీదా కొట్టించండి. లేదంటే ఒక్కదానిమీదా వద్దు" అంది.

ఇండియా వెళ్ళాం. మా ఫొటోలు సత్యవతికి ముందే చూపించారట. అయినా హోము వరండాలో మమ్మల్ని చూసి ఆ పిల్ల అన్న మొదటి మాట, "చిన్నపిల్లలు లోపలున్నారండీ." మా ఆవిడ ఏడ్చింది. నాకు బావగారు గుర్తొచ్చారు. ఆగిపోయిన ఆ ఏడాదిలో ఈ పిల్ల ఈ మాట ఎంతమందికి చెప్పి, లోపలికి దారి చూపించిందో.

కాగితాలన్నీ అయ్యాక, విమానం ఎక్కే ముందు సత్యవతిని స్టీలు షాపుకి తీసుకెళ్ళాం. ఇంకో పదకొండు ప్లేట్లు తీసుకున్నాం. మిషను గుర్రుమంటూ పేరు చెక్కుతుంటే పక్కనే నిలబడి ఒక్కోటీ చదువుకుంది.

"అన్నీ నాకేనా?"

"అన్నీ నీవే. మేం నిన్నడిగి తింటాం."

"కడిగేదెవరు?"

"నేనే."

"అయితే సరే" అంది.

పన్నెండులో ఒకటి పక్కింటికిచ్చాం. ఐదేళ్ళపాటు ఆవిడ టోస్టు తిన్నది అందులోనే. సత్యవతి బడి నుంచొచ్చి ఆవిడ వంటింట్లో హోంవర్కు చేసేది.

బావగారు మొదటిసారి భోజనానికొచ్చిన రోజు పెద్దావిడ పిలవకుండానే వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చుంది. బావగారికో నియమం ఉంది, మెతుకు వదలరు. వదిలేవాళ్ళకి క్లాసు పీకుతారు. ఆ రోజు పెరుగన్నం సగమయ్యేసరికి మెతుకుల కిందనుంచి 'సత్య' కనబడింది. చెయ్యి ఆగిపోయింది. అప్పట్నుంచీ మా ఇంట్లో మాత్రం ప్లేటు మధ్యలో పేరు కనబడకుండా గుప్పెడన్నం వదిలేస్తారు. "షుగరు కదా, తగ్గించాను" అంటారు. పెద్దావిడ నాకేసి చూసి కన్ను కొట్టేది.

శుక్రవారం ఆవిణ్ణి సాగనంపాం. ఇక్కడ శవపేటిక పక్కన అయినవాళ్ళు వరసగా నిలబడితే, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి సంతాపం చెప్తారు. ఆవిడకి నా అన్నవాళ్ళు లేరు. వరసలో మొదట సత్యవతి నిలబడాలని ఆవిడే ఎప్పుడో కాగితం మీద రాసిపెట్టుకుంది. ఎవరి చావుకైనా వెళ్ళకుండా ఉండలేని బావగారు వచ్చారు. పద్నాలుగేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని, ఇక్కడ చావింట్లో అందరూ చెప్పే మాటే, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అన్నారు.

"యూ ఆర్ వెరీ గుడ్ టు కమ్, మామయ్యా" అంది సత్యవతి, అచ్చం టాలట్ యాసలో.

ఇంటికొచ్చి స్నానాలయ్యాక భోజనాలకి కూర్చున్నాం. బావగారికి నేను కావాలనే పెద్దావిడ ప్లేటు పెట్టాను. ఐదేళ్ళ టోస్టు కత్తి గీతలన్నీ పేరు మీదే ఉన్నాయి. పప్పన్నం అయింది. పెరుగన్నం అయింది. ఆ రోజు ఆయన మెతుకు కూడా వదల్లేదు. గీతల మధ్య నాలుగక్షరాలూ మెరుస్తున్నాయి. తలెత్తి నాకేసి చూశారు.

అబద్ధమెందుకు, కాస్త కరిగాను. కానీ ఆ వరండాలో విన్న సత్యవతి మాట నాకింకా వేడిగానే ఉంది.

"సత్యా, మామయ్యకి ఇంకొంచెం అన్నం పెట్టమ్మా" అన్నాను.

తన పేరు మీద తనే ఒక గరిటెడు పొగలుగక్కే అన్నం వేసింది. బావగారు తలొంచుకుని మళ్ళీ మొదట్నుంచి తినడం మొదలుపెట్టారు.