కాగితం మీద పాదాలు

మా కుటుంబం తెనాలి నుంచి హైదరాబాదుకు వచ్చి అప్పటికి ఆరేళ్ళు దాటింది. నాన్నగారికి సర్కారు కచేరీలో గుమాస్తా పని. నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. బి.ఏ. రెండుసార్లు తప్పాను. మూడోసారి కడతానంటే అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ ఏమీ అనకపోవడమే భరించలేక ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణంలో చేరాను.

చెప్పులు తొడిగించే పని నాకు రాలేదు. యజమాని సేఠ్ అది వారంలోనే కనిపెట్టి, ఒక పొడుగాటి నోటుబుక్కు నా చేతికిచ్చాడు.

"అమ్ముడువోయింది అందరు రాస్తరు. కొనకుండ ఎందుకు పోయిన్రో ఎవడన్న రాస్తడా? నువ్వు చదువుకున్నోడివి. గల్లా పక్కన కూసోని గది రాయి" అన్నాడు.

పని సులువే. ఎవరైనా ఉత్త చేతులతో వెళ్ళిపోతే కారణం కింద ఒక గీత పెట్టాలి. సైజు లేదు, ధర ఎక్కువ, రంగు నచ్చలేదు, ఊరికే చూశారు. మగవాళ్ళకు ఒక పేజీ, ఆడవాళ్ళకు ఒక పేజీ.

నోటుబుక్కు వచ్చిన నాటి నుంచి దుకాణంలో గాలి మారిపోయింది. నాతో పాటు ముగ్గురు అమ్మకందారులు ఉండేవారు. నేను దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. చాయ్ తాగడానికి ముగ్గురూ కలిసి వెళ్ళి, నన్ను పిలవకుండానే తిరిగి వచ్చేవారు. వాళ్ళలో పెద్దాయన నల్లగొండ పక్క పల్లెటూరివాడు. ఆ దుకాణంలోనే తల నెరిసింది. చేరిన మొదటి రోజు తన సద్దిలోంచి నాకు సగం రొట్టె పెట్టినవాడు. ఆయనే ఒకరోజు సూటిగా అడిగాడు.

"తమ్మీ, గా బుక్కుల మా పేర్లు గూడ రాస్తున్నవా ఏంది?"

"లేదన్నా. కొనకుండా పోయినవాళ్ళ లెక్క, అంతే."

"మేం అమ్మలేదనే లెక్కనే గద. పేరెందుకు మల్ల?" అని వెళ్ళిపోయాడు.

రెండు నెలలు రాశాను. ఆడవాళ్ళ పేజీలో 'సైజు లేదు' కింద గీతలు చీమల బారులా నిండిపోయాయి. సేఠ్ అది చూసి పొంగిపోయాడు. మన దగ్గర చిన్న సైజులు తక్కువ, అందుకే ఆడవాళ్ళు వెళ్ళిపోతున్నారని తేల్చి, బొంబాయి నుంచి చిన్న సైజుల ఆడవాళ్ళ చెప్పులు పెట్టెలకు పెట్టెలు తెప్పించాడు.

అవి కదలలేదు. దసరా వచ్చింది, పోయింది. ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు, "సైజు లేదు" అని వెళ్తూనే ఉన్నారు. ఇప్పుడు సేఠ్ చూపు నా మీదికి తిరిగింది.

"నిజంగనే చూసి రాస్తున్నవా, కూసోని గీతలు గీకుతున్నవా?"

ఆ మాట నన్ను బాగా కోసింది. తప్పు నాది కాదని నాకు తెలుసు. మరి ఎవరిది? అప్పటి నుంచి గీతలు పెట్టడం కంటే తోటివాళ్ళను కనిపెట్టడమే నా పనైంది. మూడో రోజు దొరికింది. పెద్దాయన ఇద్దరు ఆడవాళ్ళను గుమ్మం దాకా సాగనంపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. వాళ్ళు తలూపి రోడ్డు దాటి వెళ్ళిపోయారు. రెండు రోజుల తరువాత మరొకామెతోనూ అదే గుసగుస. ఎదుటి వరసలో మరో చెప్పుల దుకాణం ఉంది. బేరాలు అటు పంపుతున్నాడనుకున్నాను. అనుకోవడంతో ఆగలేదు, సేఠ్‌కు చెప్పాను.

మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు సేఠ్ పెద్దాయన్ని పిలిచాడు. నేను గల్లా పక్కనే ఉన్నాను.

"గుమ్మం కాడ ఆడోళ్ళతోని ఏం మాట్లాడుతున్నవ్?"

పెద్దాయన ముందు నా వైపు చూశాడు. తరువాత లోపలికి వెళ్ళి, తన సంచిలోంచి గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి తెచ్చి గల్లా మీద విప్పాడు. అన్నీ కాగితాలు. పాత పేపర్లు, కేలండర్ వెనకభాగాలు, పిల్లల నోటుపుస్తకాల్లోంచి చింపినవి, ఒక పెళ్ళి శుభలేఖ కూడా. ఒక్కొక్క దాని మీద పెన్సిలుతోనో బొగ్గుతోనో చుట్టూ గీసిన పాదం.

"పది మంది మొగోళ్ళు చూస్తుండంగ, పరాయి మొగోడు కాలు వట్టుకుంటే ఏ ఆడామె కూసుంటది సేఠ్? మడిమెలు పగిలి ఉంటయ్, సిగ్గయితది. సైజు లేదంటరు, లేశి పోతరు. గందుకే ఇంటికాడ కాయితం మీద కాలు వెట్టి గీసి పంపమంటున్న. పట్టేటియి ఉంటే ఇస్తున్న, లేకుంటే కాయితం దాస్తున్న."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"రెండుసార్లు చెప్పిన. ఔ అన్నరు, మర్శిన్రు."

సేఠ్ ఒక కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. బీరువాలోంచి కొన్ని చెప్పులు తీయించి, ఆ కాగితాల మీద పెట్టి చూడమని నాకు చెప్పాడు. పొడుగు సరిగ్గానే సరిపోతోంది, మా దగ్గర ముందు నుంచీ ఉన్న సైజులే. వెడల్పు మాత్రం రెండు పక్కలా బయటికి వస్తోంది. చెప్పుల్లేకుండా నడిచి విచ్చుకున్న వేళ్ళు. కూర్చుని తొడుక్కున్న కొద్దిమందికి కూడా చెప్పు బిగుతయ్యేది, దాన్నీ "సైజు లేదు" అనేవారు. చిన్న సైజు అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అది నా గీతల్లోంచి మేం ఊహించుకున్నది.

చెప్పులు కుట్టించే చోటికి ఆ కాగితాలు పంపి వెడల్పు అచ్చులు చేయిద్దామన్నాడు సేఠ్. పెద్దాయన కట్ట మీద చెయ్యి తియ్యలేదు.

"నకలు దీస్కోండ్రి. ఇవి మాత్రం నా తానే ఉంటయ్. ఇయ్యాల కాయితాలు ఇస్త, రేపు నాతోని పనేముంటది?"

సేఠ్ నొచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని పలచటి కాగితం పెట్టి నకళ్ళు గీశాను. పెద్దాయన పక్కనే స్టూలు వేసుకుని, ఒక్కొక్క కాగితం ఇచ్చి, గీశాక వెనక్కి తీసుకుని లెక్క చూసుకునేవాడు. చివరి రోజున ధైర్యం చేసి అన్నాను.

"అన్నా, అడగకుండా చెప్పాను. తప్పయింది."

"అడిగితే మాత్రం చెప్తుంటినా?" అన్నాడు. "నువ్వు బయటికి పోయినప్పుడల్ల నీ బుక్కు తెరిశి, నా పేరుందా అని నేను గూడ చూస్తుంటి."

వెడల్పు చెప్పులు సంక్రాంతి దాటాక వచ్చాయి. సేఠ్ లోపలి మూల తెర కట్టించి, అక్కడ ఒక బెంచీ వేయించి, కొలతలకు ఒకామెను పెట్టాడు. పెట్టెలు చకచకా ఖాళీ అయ్యాయి. నేను నోటుబుక్కులో 'సైజు లేదు' కొట్టేసి, 'సైజు లేదన్నారు' అని రాసుకున్నాను. సేఠ్ అది గమనించలేదు. వచ్చిన స్నేహితులందరికీ ఆ నోటుబుక్కే చూపించి, అంతా దాని మహిమేనని చెప్పుకున్నాడు. పెద్దాయన వింటూనే ఉండేవాడు, చేతిలోని చెప్పుకు పట్టీ సరిచేస్తూ.

మరుసటి ఏడు నాకు కచేరీలో ఉద్యోగం వచ్చి దుకాణం మానేశాను. అప్పటికి మేమిద్దరం మళ్ళీ కలిసి తింటున్నాం. రొట్టె విరిచి నాకు సగం పెట్టేవాడు గానీ, ఆ కట్టను ఒక్క సాయంత్రం కూడా దుకాణంలో వదిలి వెళ్ళలేదు.