హేరోదు అంగీ కింద గొర్రెల కాపరి

ఆ రోజుల్లో ఏలూరు ఎండాకాలంలో నాకు తెలిసి మనుషులు రెండే రకాలు. ఏసీ గదిలో కూర్చునేవాళ్లు, ఆ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా వచ్చే గాలి కోసం మెడ చాపేవాళ్లు. నేను రెండో రకం. మా కంప్యూటర్ ఆఫీసులో ఏసీ పెట్టించింది మనుషుల కోసం కాదు, సర్వర్ కోసం. (“మిషను పాడైతే బాగు చేయించాలండీ, మీరు పాడైతే సెలవు ఇస్తే సరిపోద్ది” అనేవారు మా మేనేజరుగారు.) ఆ గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉండేది. అది ఇన్‌ఛార్జి కుర్చీ. ఇన్‌ఛార్జి ఎవరో ఇంకా తేలలేదు కానీ, నేనేనని తేల్చేసుకుని మా ఊరు గణపవరంలో చర్చి ముందు అందరికీ చెప్పేశాను కూడా. సరిగ్గా అప్పుడే మా చిన్నాన్న కూతురు మా ఆఫీసులో చేరింది. నాకంటే చిన్నది, నాకంటే వెనక చేరింది, పైగా సిఫార్సు చేసి చేర్పించింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మేం మండవల్లి దగ్గర ఒక చేపల కంపెనీకి ప్రోగ్రాం రాసిచ్చాం. అక్కడ మనుషులు తక్కువ, పనులు ఎక్కువ. పొద్దున చేపలు తూకం వేయించిన గుమాస్తాయే మధ్యాహ్నం బిల్లులు చేయాలి. అందుకని ఎవరి పేరుతో వాళ్లు కంప్యూటర్‌లోకి వెళ్లి, పనిని బట్టి ‘తూకం’ అనో ‘బిల్లులు’ అనో రోల్, అంటే ఆ పనికి తగ్గ హోదా, వేసుకుని, పనయ్యాక రీసెట్ కొట్టి దాన్ని తీసేయాలి. వేసుకోవడం అందరికీ వచ్చు. తీసేశాక తామెవరో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. “ఏవండీ, రీసెట్ కొట్టానండీ, అయినా నన్ను నేనని ఒప్పుకోవట్లేదండీ” అని రోజూ ఫోన్లు. మేనేజరుగారు విసిగిపోయి మా ఇద్దరినీ పిలిచి, “ఈ రోల్ సంగతి వాళ్లకి అర్థమయ్యేలా రాయండి. ఎవరు రాసింది అర్థమైతే వాళ్లదే ఆ కుర్చీ” అన్నారు.

నేను “వినియోగదారుడు తన పూర్వాధికార స్థితిని పునరుద్ధరించుకొనుటకు” అని మొదలుపెట్టి పేజీలు నింపాను. చదువుకుంటే నాకే ఒళ్లు పులకరించింది. చెల్లి రాసింది అర పేజీ. “క్రిస్మస్ నాటకంలో ఒక పిల్లాడికి రెండు వేషాలు. వాళ్లమ్మ ఇంటి దగ్గరే గొర్రెల కాపరి వేషం వేసి పంపింది. చర్చిలో దాని మీద హేరోదు రాజు అంగీ తొడిగారు. అంగీ విప్పేస్తే మళ్లీ గొర్రెల కాపరే గానీ మామూలు పిల్లాడు కాదు. రీసెట్ కూడా అంతే. మీరు లోపలికి వచ్చేటప్పుడు ఏ వేషం ఉంటే దానికే తీసుకెళ్తుంది. ఏ వేషమూ లేకుండా వచ్చినవాళ్లకే వాళ్ల పేరు మిగులుతుంది. అసలు వేషమే వద్దనుకుంటే ఆ మాట విడిగా చెప్పాలి.” చదివాక నాకు కడుపు మండిపోయింది. చెత్తగా ఉంటే అంత మండేది కాదు.

పాపం, తప్పు పట్టుకోవాలని తెగ వెతికాను. దొరికిందనుకున్నాను. “తప్పు రాశావు చెల్లాయ్. రీసెట్ అంటే మొదటికి రావడం. మొదట ఉండేది మన పేరేగా!” అన్నాను. “కాదన్నయ్యా, కొంతమందికి లోపలికి రాగానే ఒక రోల్ తగులుకునేలా ముందే పెట్టి ఉంటారు. ఎందుకైనా మంచిది, నీదోసారి చూసుకో” అంది. నాదా! చూసుకోవడం దేనికి, అందరి ముందూ చూపిస్తానన్నాను.

చేపల కంపెనీ ఆసామి ఆఫీసుకి వచ్చిన రోజు ఆ ముహూర్తం కుదిరింది. నా పేరుతో లోపలికెళ్లాను, ‘బిల్లులు’ రోల్ వేసుకున్నాను, రీసెట్ కొట్టాను. “ఇప్పుడు చూడండి, నా పేరే వస్తుంది” అని, నేనెవరినో చెప్పమని మిషన్ని అడిగాను. ‘తూకం’ అంది. చెయ్యి తడబడిందేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ ‘తూకం’.

“అయితే ఈయన మా కాటా గుమాస్తాయాండీ?” అన్నాడు ఆసామి అమాయకంగా.

మేనేజరుగారు చిన్నగా దగ్గారు. “నేనే అలా పెట్టానండీ. ఓసారి ఈయన ఉత్సాహం కొద్దీ బిల్లులన్నీ చెరిపేశారులెండి. కావాలని రోల్ వేసుకుంటే తప్ప వాటి జోలికి పోకుండా, లోపలికి రాగానే తూకంలో ఉండేలా చేశాను.” లోపలికెళ్లగానే బిల్లుల రోల్ తగిలించుకోవడమే తప్ప, దాని కింద ఏముందో నేనేనాడూ చూసుకోలేదు. ఇన్‌ఛార్జినని గణపవరమంతా చెప్పుకు తిరిగిన రోజుల్లో కూడా నేను కాటా దగ్గరే ఉన్నానన్నమాట.

ఆసామి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, చెల్లి రాసిన అర పేజీ చదివి, “మాకు ఈ అమ్మాయిగారి కాయితమే ఇవ్వండి. ఇంతకీ ఈ నాటకంలో పిల్లాడెవరండీ?” అన్నాడు. చెల్లి తలొంచుకుని, “మా అన్నయ్యేనండీ. అంగీ విప్పేశాక కూడా ఇంటికెళ్లేదాకా చేతిలో కర్ర వదల్లేదు” అంది.

కుర్చీ తనకే వచ్చింది. నాకోసమని తలుపు ఓరగా తీసి ఉంచేది. ఆ చల్లగాలి తగిలితే నాకు ఇంకా మండేది.

ఇప్పుడు నేనూ మేనేజరునే. కొత్తగా చేరినవాళ్లకి రోల్ గురించి చెప్పాల్సి వస్తే హేరోదు అంగీ కథే చెబుతాను. “ఎంత బాగా రాశారండీ! మీరేనా?” అంటారు. “వేషం నాదేనండీ” అని ఊరుకుంటాను. మెచ్చుకోవాల్సింది ఎవరినో నాకు తెలుసు. ‘మీరేనా’ అన్న ఆ ఒక్క మాటకి మేనేజరు వేషమూ, పెద్దరికమూ అన్నీ ఊడిపోతాయి. కింద ఇప్పటికీ ఆ కుర్రాడే ఉంటాడు, ఓరగా తీసిన తలుపు వైపు మెడ చాపి.