గొంతు పోయాక వచ్చిన ఉద్యోగం

విమానం నడపడం వస్తే నేర్పడం దానంతటదే వచ్చేస్తుందని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. లైసెన్సు చేతికొచ్చినా ఎయిర్‌లైన్స్ వాళ్లు పిలవకపోవడంతో, నేను శిక్షణ పొందిన చోటే నేర్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పరీక్ష రోజు అక్కడి పెద్దసారు తానే శిష్యుడి సీట్లో కూర్చుని, నన్ను గురువుగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గాల్లోకి లేచాక కావాలనే తప్పులు చేయడం మొదలుపెట్టాడు (నాటకమైనా ఎంత ఘోరంగా నడిపాడో). ప్రతిసారీ నేను "అలా కాదు సార్" అని అరిచి కంట్రోల్స్ లాగేసుకున్నాను. దిగాక ఆయన తాపీగా, "నీకు నడపడం వచ్చమ్మా, నేర్పడం రాదు. ముందు ఎవరికైనా ఏదైనా నేర్పి రా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అడ్డంగా కొట్టే గాలిలో విమానం దింపేదాన్ని, నాకు నేర్పడం రాదా?

ఆ మంటతోనే ఇంద్రేశంలో మేనత్త ఇంటికి వెళ్లాను. అత్త పటాన్‌చెరులో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఆటోలు దొరక్క రోజూ ఆలస్యమవుతుంటే సూపర్‌వైజరు ఇక ఊరుకోనన్నాడట. స్కూటీ కొనుక్కుంది గానీ నడపడం రాదు. "నాకు జెర నేర్పు బిడ్డా" అంది. ఇదెంత పని అనుకుని, ఇంకా ఇళ్లు లేవని కొత్త లేఔట్‌లోకి తీసుకెళ్లి వెనక కూర్చున్నాను. "అటు కాదత్తా, బ్రేకు, బ్రేకు" అని అరుస్తూ హ్యాండిల్ లాగాను. ఆమె కుడికి, నేను ఎడమకి, స్కూటీ నేరుగా ఇసుక కుప్పలోకి. అత్త కొంగు దులుపుకుంటూ, "ఏందే గట్ల మొత్తుకుంటవ్? నడిపేది నేనా, నువ్వా? నీ లొల్లికి వచ్చింది గూడ మర్చిపోయిన" అంది. బండి పైకి లాగింది నేను, మాటలు పడ్డదీ నేనే.

ఆ అరుపులకు మర్నాటికి నా గొంతు పూర్తిగా పోయింది. ఇవాళ వద్దని సైగ చేస్తే అత్త వినలేదు. "మంచిదే అయింది. ఊకె కూసో" అంది. మలుపులో స్కూటీ తూలింది. అరుద్దామంటే గొంతు లేదు, సీటు వెనక కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. అత్త తానే వేగం తగ్గించి, సర్దుకుని, మలుపు తిరిగింది. "సూసినవా, నువ్వు సప్పుడు జెయ్యకుంటే ఎంత మంచిగొస్తదో." కొన్నాళ్లకే డ్యూటీకి అందరికంటే ముందు చేరడం మొదలుపెట్టింది. పైగా బస్తీ అంతా "నా అంతట నేనే నేర్చుకున్న" అని చెప్పుకుంది (ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా).

రెండోసారి పరీక్షలో పెద్దసారు మళ్లీ అలాగే కావాలని తప్పు చేస్తూ విమానాన్ని ఎడమకి వంచేశాడు. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని, ప్రమాదం దాకా రానివ్వకుండా కనిపెట్టుకుంటూ, "ఎడమ రెక్క చూసుకోండి" అని మాత్రం అన్నాను. ఆయన సరిచేసుకున్నాడు. దిగాక, "ఎవరికి నేర్పావు?" అని అడిగాడు.

"మా అత్తకు స్కూటీ సార్. తనే నేర్చుకున్నానంటోంది" అన్నాను ఉక్రోషంగా.

"అయితే బాగానే నేర్పావన్నమాట. సోమవారం నుంచి రా" అన్నాడు.

ఇప్పుడు మొదటిసారి ఒంటరిగా ఎగిరొచ్చిన పిల్లలు దిగీ దిగగానే ఇంటికి ఫోన్ చేసి "నేనొక్కడినే నడిపానమ్మా" అని చెబుతుంటారు. ఒక్కరూ నా ఊసెత్తరు. అప్పటి నేనైతే అక్కడికక్కడే గొడవపడేదాన్ని. తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ కోపం కాస్తయినా మిగిలి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.